ఇంటివాళ్లకు ముందే తెలిసిన జబ్బు

ఆరోగ్యంగా ఉన్న పెద్దపేగు లోపలి పొర నున్నగా, గులాబీ రంగులో మెరుస్తుంటుంది. కుటుంబ పాలిపోసిస్ ఉన్నవాళ్ల పేగులో ఆ నునుపు వెతికినా కనపడదు. పాలిప్‌లు అనే మొలకలు, చిన్నవీ పెద్దవీ, వందల్లో, కొందరికి వేలల్లో కమ్ముకుని ఉంటాయి. చాలామందికి కౌమార ప్రాయంలోనే మొదలవుతాయి. మొదట్లో వాటిలో ఏదీ క్యాన్సర్ కాదు. కానీ అన్ని వందల్లో ఏదో ఒకటి మారక మానదు. పేగు తీసేయకపోతే నలభై ఏళ్ల దరిదాపుల్లో దాదాపు అందరికీ క్యాన్సర్ వస్తుంది. సుమారు పదివేల మందిలో ఒకరికి ఉండే జబ్బు ఇది. అయినా మామూలు పేగు క్యాన్సర్ ఎలా పుడుతుందో లోకానికి తెలిసింది ప్రధానంగా దీనివల్లే. అందుకు దారి వేసింది, ఇళ్లలో చావుల లెక్క అడిగి రాసిపెట్టుకున్న కొద్దిమంది.

1882లో లండన్ సర్జన్ హారిసన్ క్రిప్స్ ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఈ పాలిప్‌లు చూసి రాశాడు. అప్పటికది ఒక వింత కేసు మాత్రమే. అసలు పని అదే నగరంలోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రిలో జరిగింది. సర్జన్ లాక్‌హార్ట్-మమరీ 1925లో మూడు కుటుంబాల వివరాలు ప్రచురించి, ఈ క్యాన్సర్ వంశంలో దిగుతోందని చెప్పాడు. అక్కడి పాథాలజిస్టు కత్‌బర్ట్ డ్యూక్స్ దగ్గర లేబొరేటరీ సహాయకుడిగా చేరిన కుర్రవాడు బస్సీ. ఆయన డాక్టరు కాదు. రోగుల తల్లిదండ్రులెవరు, తోబుట్టువులెందరు, ఎవరు ఏ వయసులో దేనితో పోయారు అన్నవి అడిగి రాయడం, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ కబురు పెట్టడం ఆయన పని. దాదాపు జీవితమంతా అదే చేశాడు. 1975లో ఆయన వెలువరించిన గ్రంథం ఈ జబ్బుకు ఆధారగ్రంథమైంది. అలా రాసిపెట్టిన రిజిస్టర్ వల్ల తేలిన విషయం చిన్నది కాదు. బాధతో వచ్చిన రోగుల్లో చాలామందికి అప్పటికే క్యాన్సర్ ముదిరి ఉండేది. రిజిస్టర్ చూసి పిలిపించిన బంధువుల్లో అలాంటివాళ్లు బహు కొద్దిమంది. జన్యువు అంటే రసాయనికంగా ఏమిటో ఎవరికీ తెలియని రోజుల్లోనే, చేత్తో గీసిన వంశవృక్షాలు మనుషుల ప్రాణాలు నిలిపాయి. వైద్య చరిత్రలో ఇంతకంటే పెద్ద పురస్కారాలు పొందిన పనులున్నాయి గానీ, ఇంతకంటే గౌరవించదగ్గవి తక్కువని నా నమ్మకం.

అమెరికాలోని యూటా రాష్ట్రంలో జన్యుశాస్త్రవేత్త ఎల్డన్ గార్డ్‌నర్‌కు ఇలాంటి కుటుంబం గురించి చెప్పింది తరగతిలో పాఠం వింటున్న ఒక విద్యార్థి. ఆ ఆనవాలు పట్టుకుని వెళ్లిన గార్డ్‌నర్, 1950ల మొదట్లో పాలిప్‌లతోపాటు దవడ ఎముకల మీద గడ్డలు, చర్మం కింద తిత్తులు కూడా కలిసే వస్తున్నాయని చూపించాడు.

తర్వాత ముప్పై ఏళ్లకు పైగా జబ్బు వంశంలో దిగుతోందని తెలుసు గానీ, ఎక్కడ దాగిందో తెలియదు. 1986లో బఫలో నగరంలో హెరేరా బృందం ఒక రోగిని వర్ణించింది. అతనికి పాలిపోసిస్‌తోపాటు పుట్టుకతోనే బుద్ధిమాంద్యం, ఇతర లోపాలు ఉన్నాయి. క్రోమోజోమ్‌లు పరీక్షిస్తే అయిదో దాని పొడవు భుజంలో ఒక ముక్క లేదు. వెతకాల్సిన చోటు దొరికింది. మరుసటి ఏడే లండన్‌లో వాల్టర్ బాడ్మర్ బృందం, యూటాలో రే వైట్ బృందం తమ కుటుంబాల రక్తనమూనాలతో జబ్బు అక్కడే ఉందని రుజువు చేశాయి. ఏళ్ల తరబడి రాసిపెట్టుకున్న కుటుంబ చరిత్రలు లేకపోతే ఆ పని అంత త్వరగా అయ్యేది కాదు. 1991లో రే వైట్ బృందమూ, బెర్ట్ వోగెల్‌స్టైన్, యుసుకె నకమురాల బృందమూ దాదాపు ఒకేసారి జన్యువును పట్టుకున్నాయి. దాని పేరు ఏపీసీ.

ఏపీసీ తయారుచేసే ప్రోటీన్‌లో 2,843 అమైనో ఆమ్లాలు ఉంటాయి. బీటా-కెటెనిన్ అనే మరో ప్రోటీన్ కణంలో పేరుకుపోకుండా చూడటం దాని ముఖ్యమైన పని. ఏపీసీ లేకపోతే విభజన ఆపమన్న సంకేతం కణానికి అందదు. పుట్టుకతో ఒక ప్రతి పాడై వస్తుంది, రెండోది పేగు కణంలో ఎప్పుడో పాడవుతుంది, పాలిప్ మొదలవుతుంది. కంటి క్యాన్సర్ మీద 1971లో ఆల్‌ఫ్రెడ్ నడ్సన్ చేసిన ఊహ ఇక్కడా సరిపోయింది. జన్యువులో ఏ చోట దెబ్బ తగిలిందన్నది కూడా ముఖ్యమే. 1309వ స్థానం దగ్గర అయిదు అక్షరాలు ఎగిరిపోయిన వాళ్లకు పాలిప్‌లు వేలల్లో, మిగతావాళ్లకంటే ఏళ్ల ముందే వస్తాయి. జన్యువు రెండు చివర్లలో లోపమున్న వాళ్లకు వంద లోపే ఉండి, వయసు మళ్లాక బయటపడతాయి. వంశంలో ఏమీ లేకుండా వచ్చే పేగు క్యాన్సర్లలోనూ నూటికి ఎనభై దాకా ఇదే జన్యువు పాడై ఉంటుంది. వాటిలో చాలావరకు మొదట దెబ్బతినేది ఇదే.

పాలిప్‌లు గుంపులుగా లేకుండానే పేగు క్యాన్సర్ దిగే వంశాల కథ కూడా పాతదే. 1895లో మిషిగన్ పాథాలజిస్టు ఆల్‌డ్రెడ్ వార్తిన్‌కు బట్టలు కుట్టే ఆమె, తమ ఇంట్లో అందరిలాగే తానూ క్యాన్సర్‌తోనే పోతానంది. ఆయన ఆ మాట కొట్టిపారేయలేదు. 1913లో ఆ వంశ చరిత్ర అచ్చువేశాడు. ఆమె అన్నట్టే గర్భాశయ క్యాన్సర్‌తో పోయింది. 1962లో ఒమాహాలో హెన్రీ లించ్‌కు ఒక తాగుబోతు రోగి, ఎలాగూ ఇంట్లోవాళ్లలా పేగు క్యాన్సర్‌తో చస్తాను కనుక తాగుతున్నానన్నాడు. లించ్ ఆ వంశాన్ని తవ్వి 1966లో ప్రచురించాడు. వంశపారంపర్యమంటే చాలామంది నమ్మలేదు. ఏళ్ల తర్వాత, 1993-94లో, ఎంఎస్‌హెచ్2, ఎంఎల్‌హెచ్1 జన్యువులు దొరికాకే ఆయన మాట నిలబడింది. ఇవి డీఎన్ఏ నకలులో అచ్చుతప్పులు దిద్దే ప్రూఫ్‌రీడర్లు. ఈ దిద్దుబాటు ఎలా జరుగుతుందో తేల్చినందుకే పాల్ మోడ్రిచ్‌కు 2015లో నోబెల్ వచ్చింది. కుటుంబ పాలిపోసిస్‌తో పోలిస్తే, లించ్ పేరు పెట్టిన ఈ జబ్బు, లించ్ సిండ్రోమ్, ఎన్నో రెట్లు ఎక్కువ. అంచనాలు సుమారు మూడువందల మందిలో ఒకరంటున్నాయి.

మనవాళ్లు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సిన ఘట్టం 2002లోది. కార్డిఫ్‌లో ఒక బ్రిటిష్ కుటుంబంలో పాలిప్‌లున్నా ఏపీసీలో పుట్టుకతో లోపం దొరకలేదు. కణితుల్లో మార్పులన్నీ ఒకే తరహావి కనిపించడంతో పరిశోధకులు వెనక్కి లెక్కగట్టి ఎంయూటీవైహెచ్ అనే జన్యువు దాకా వెళ్లారు. ఇది అంతర్గత జబ్బు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి లోపమున్న ప్రతులు కలిస్తేనే బయటపడుతుంది. భారతీయ మూలాలున్న కుటుంబాల్లోనూ ఒక ప్రత్యేకమైన మార్పు దొరికింది. మేనరికాలు, మేనమామ-మేనకోడలి పెళ్లిళ్లు ఇంకా ఉన్న మన ఇళ్లలో అలాంటి రెండు ప్రతులు ఒకచోట చేరే అవకాశం ఎక్కువ. తల్లిదండ్రులిద్దరూ మామూలుగానే ఉంటారు, కనుక వంశవృక్షంలో పైతరాల్లో జబ్బు కనపడకపోవచ్చు. పైగా పిల్ల పెళ్లి చెడుతుందని పెద్దల జబ్బులు దాచే అలవాటు మనకుంది, దాని ధర తర్వాతి తరం చెల్లిస్తోంది. ఏపీసీ లోపమైతే ప్రతి బిడ్డకూ సగానికి సగం అవకాశం ఉంటుంది. అందుకే పది, పన్నెండేళ్లకే జన్యుపరీక్ష చేసి, లోపం ఉన్న పిల్లలకు కొలనోస్కోపీలు మొదలుపెడతారు, లేని పిల్లలకు ఆ బెడద తప్పుతుంది. ఎంయూటీవైహెచ్ విషయంలో మొదట పరీక్ష చేయించాల్సింది రోగి అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు. వాళ్లలో ఒక్కొక్కరికీ జబ్బు ఉండే అవకాశం నాలుగింట ఒకటి. పిల్లల సంగతి రోగి భార్యకో భర్తకో చేసే పరీక్షతో తేలుతుంది. ఆ జీవిత భాగస్వామి సొంత మేనబావో మేనమరదలో అయితే ఆ పరీక్షను వాయిదా వేయకూడదు.