ఎవ్రీబడీస్ గాన్ టు ది రాప్చర్

ఎవ్రీబడీస్ గాన్ టు ది రాప్చర్ కథాప్రధానమైన ఒక వీడియో గేమ్. బ్రిటన్‌కు చెందిన ది చైనీస్ రూమ్ సంస్థ దీనిని సోనీ వారి శాంటా మోనికా స్టూడియో సహకారంతో రూపొందించింది. ఇది 2015 ఆగస్టులో ప్లేస్టేషన్ 4 పైన, 2016 ఏప్రిల్‌లో విండోస్ పైన విడుదలైంది. విశ్వాసులు పరలోకానికి కొనిపోబడతారన్న క్రైస్తవ విశ్వాసమే 'రాప్చర్'. తెలుగు క్రైస్తవులు దీనిని 'ఎత్తబడుట' అంటారు.

కథ

కథాకాలం 1984. ఇంగ్లాండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో యాటన్ అనే కల్పిత గ్రామం కథాస్థలం. ఇళ్ళు, చర్చి, పొలాలు ఎక్కడివక్కడే ఉంటాయి. మనుషులు మాత్రం ఉండరు. కేట్, స్టీఫెన్ దంపతులు ఖగోళ శాస్త్రజ్ఞులు. వేధశాలలో వారు గమనించిన ఒక అపరిచిత వెలుగు గ్రామమంతటా వ్యాపిస్తుంది. దానిని అరికట్టాలని స్టీఫెన్, అర్థం చేసుకోవాలని కేట్ ప్రయత్నిస్తారు.

ఆడే విధానం

ఇందులో శత్రువులు, ఆయుధాలు ఉండవు. ఆటగాడు ఊరంతా తిరుగుతూ రేడియోలు, టెలిఫోన్ల ద్వారా వినిపించే మాటలను, వెలుగు ఆకృతులు పునరావృతం చేసే గత సంభాషణలను వింటాడు. ఆ మాటలలో ప్రళయం కన్నా కుటుంబ కలహాలు, తీరని పశ్చాత్తాపాలు, వీడ్కోళ్ళే ఎక్కువ. తొందరపడి ముందుకు సాగేవారికి వీటిలో కొన్ని దక్కకుండానే పోతాయి. అయితే నడక మరీ నెమ్మదిగా ఉందని విమర్శకులు కొందరు ఆక్షేపించారు.

పురస్కారాలు

2016లో ఈ ఆటకు మూడు బాఫ్టా పురస్కారాలు లభించాయి. అవి జెసికా కర్రీ కూర్చిన సంగీతానికి, శబ్దగ్రహణానికి, కేట్ పాత్రధారిణి మెర్ల్ డాండ్రిడ్జ్ నటనకు దక్కాయి.