కృష్ణా జిల్లా క్రీడాపతకాల ఖాతా

ఒలింపిక్స్, ఆసియా క్రీడల వంటి బహుళ క్రీడోత్సవాలలో, అంటే అనేక క్రీడలు ఒకే వేదికపై కొన్నేళ్లకొకసారి జరిగే పోటీలలో, ప్రతి దేశానికీ తన పేరున ఒక ఖాతా ఉంటుంది గాని జిల్లాకు ఉండదు. ఉదాహరణకు, 1966లో స్వతంత్రమైన ఆఫ్రికా దేశం బోట్స్వానా 1980 మాస్కో ఒలింపిక్స్‌లో అడుగుపెట్టి, 2012లో నైజెల్ అమోస్ 800 మీటర్ల పరుగులో గెలిచిన రజతంతో పతకాల పట్టికకెక్కగా, 2024 పారిస్‌లో లెట్సిలే టెబోగో 200 మీటర్లను 19.46 సెకన్లలో ముగించి తొలి స్వర్ణం సాధించాడు. 2011 లెక్కల ప్రకారం ఆ దేశ జనాభా 20 లక్షల పైచిలుకు. అవిభక్త కృష్ణా జిల్లాది 45 లక్షలు. అయినా పెడనలో అచ్చుదిమ్మలతో అద్దే కలంకారీకి భౌగోళిక గుర్తింపు మచిలీపట్నం పేరున ఉన్నట్టే, ఈ జిల్లావారి పతకాలు భారతదేశపు పద్దులో కలిసిపోయి వాటి పుట్టినూరు మరుగున పడింది.

1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలోనే, ఉయ్యూరు దగ్గరి గండిగుంటలో పుట్టిన దండమూడి రాజగోపాలరావు బరువులెత్తే పోటీలో కాంస్యం గెలిచారు. ‘నర్తనశాల’ సినిమాలో భీముడిగా ఆయన్ను గుర్తుపట్టేవారిలో ఎంతమందికి ఆ పతకం సంగతి తెలుసు? 2006 దోహా క్రీడలలో చదరంగానికి తొలిసారి చోటు దక్కినప్పుడు, గుడివాడలో పుట్టిన కోనేరు హంపి తక్కువ వ్యవధిలో ముగించే ర్యాపిడ్ విభాగంలో వ్యక్తిగత స్వర్ణాన్ని, శశికిరణ్, హరికృష్ణలతో కలిసి మిశ్రమ జట్టు స్వర్ణాన్ని గెలిచింది.

వీటన్నిటికంటె నిండైన విజయం విజయవాడ విలుకత్తె వెన్నం జ్యోతి సురేఖది. ఆమె వాడేది కాంపౌండ్ విల్లు, అంటే కొసలకు అమర్చిన చక్రాల వల్ల తాడు పూర్తిగా లాగాక చేతిపై బరువు తగ్గి గురి నిలకడగా కుదిరే విల్లు. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల వ్యక్తిగత తుదిపోరులో 50 మీటర్ల దూరం నుంచి వదిలిన 15 బాణాలకు ఆమె 150కి 149 పాయింట్లు సాధించింది. అంటే ఒక్క బాణం తప్ప అన్నీ పది పాయింట్ల వలయంలోనే నాటుకున్నాయి. జట్టు, మిశ్రమ జట్టు విభాగాలతో కలిపి ఆమెవి మూడు స్వర్ణాలు.

అయితే చదరంగం ఒలింపిక్ క్రీడ కాదు. కాంపౌండ్ విల్లుకు ఆ అవకాశం 2028 లాస్ ఏంజెలెస్‌లో గాని రాదు. కనుక ఒలింపిక్ పట్టికను మాత్రమే కొలబద్దగా తీసుకుంటే వీరిద్దరి స్వర్ణాలు లెక్కకే రావు, అది న్యాయమైన కొలత కాదు. పైగా 2022 ఏప్రిల్‌లో జిల్లా విడిపోయి విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు చేరడంతో ఈ లెక్క మరింత చెదిరింది. పెడన, మచిలీపట్నం, గుడివాడ, అవనిగడ్డ గ్రంథాలయాలు, ఉన్నత పాఠశాలలు పాత జిల్లా హద్దులనే ప్రమాణంగా తీసుకుని, క్రీడాకారుల పేరు, ఊరు, పోటీ, సంవత్సరం రాసిన పట్టికను గోడకెక్కించే పనికి ఇప్పుడే పూనుకోవాలి.