రెండు – ఒకటి: ఓడినవాళ్ళ వైపు నుంచి ఒక లెక్క

చరిత్ర పాఠంలో మన పిల్లలు ముందుగా నేర్చుకునేది ఎవరు గెలిచారన్నదే. ఏ యుద్ధం, ఏ సంవత్సరం, విజేత ఎవరు అని రాస్తే ఒక మార్కు. ఓడినవాళ్ళు ఎంత దాకా వచ్చి ఓడారు, గెలిచినవాళ్ళు ఎంత కష్టపడి గెలిచారు అన్న ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ కనబడదు. ఆదివాసుల చరిత్ర చాలావరకు ఆ అడగని ప్రశ్నలోనే ఉండిపోయింది.

అందుకే ఈసారి ఒక ఫుట్‌బాల్ ఆట గురించి రాస్తున్నాను. ఆ ఆటలో అందరూ గెలుస్తుందనుకున్న జట్టే గెలిచింది. కానీ గెలిచిన తీరు దాని పేరుకు తగ్గట్టు లేదు. ఓడిన జట్టు వెనక మన తెలుగు నేల ఉంది. ఆ జట్టును తయారుచేసినవాడు మనలాగే ఒక బడిపంతులు.

లాక్విలాలో ఒక సాయంత్రం

1960 ఆగస్టు 26. రోమ్ ఒలింపిక్స్‌లో భాగంగా ఇటలీ కొండల నడుమ ఉన్న లాక్విలా పట్టణంలో హంగేరీతో మన దేశ జట్టు ఆడింది. హంగేరీ అంటే ఆ రోజుల్లో ఫుట్‌బాల్‌కు మారుపేరు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో బంగారు పతకం వాళ్ళదే. 1953లో ఇంగ్లండును దాని సొంత వెంబ్లీ మైదానంలో 6–3తో ఓడించారు. 1954 ప్రపంచ కప్పులో ఫైనల్ దాకా వెళ్ళారు. రోమ్‌కు వచ్చిన జట్టులో ఫ్లోరియాన్ ఆల్బర్ట్ అనే పద్దెనిమిదేళ్ళ కుర్రాడున్నాడు. తర్వాత 1967లో ఐరోపా ఉత్తమ ఆటగాడిగా ఎంపికైంది అతడే.

అలాంటి జట్టు ముందు మనవాళ్ళు నిలబడ్డారు. మొదటి సగంలో గొరొచ్ ఒక గోలు, రెండో సగంలో ఆల్బర్ట్ మరో గోలు కొట్టారు. ఇక వరసగా పడతాయనే ఎవరైనా అనుకుంటారు. పడలేదు. ఆట ఇంకో పది నిమిషాల్లో ముగుస్తుందనగా తులసీదాస్ బలరాం మన జట్టుకు గోలు సాధించాడు. చివరికి హంగేరీ 2, భారత్ 1.

ఈ ఒక్క అంకెను చూస్తే మామూలు ఓటమే. పక్కనున్న అంకెలతో కలిపి చూడాలి. అదే గ్రూపులో హంగేరీ పెరూను 6–2తో, ఫ్రాన్స్‌ను 7–0తో చిత్తు చేసింది. మూడు ఆటల్లో పదిహేను గోలులు కొట్టిన జట్టు, మన మీద కొట్టింది రెండే. ఆ ఒలింపిక్స్‌లో హంగేరీకి కంచు పతకం వచ్చింది. మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్‌తో మనవాళ్ళు 1–1తో సమానంగా నిలిచారు. హంగేరీ ఏడు గోలులతో ముంచెత్తిన ఫ్రాన్స్ అది.

ఇక్కడితో ఆపితే కథ తియ్యగా ఉంటుంది. కానీ చరిత్ర చెప్పేవాడు తియ్యగా ఉన్నచోట ఆపకూడదు. మూడో ఆటలో పెరూ చేతిలో మన జట్టు 1–3తో ఓడింది. ఆ ఒక్క గోలు కూడా బలరాందే. గ్రూపులో నాలుగు జట్లుంటే మనది నాలుగో స్థానం. పెద్దవాణ్ణి వణికించినంత మాత్రాన పతకం రాదు. ఈ రెండు నిజాలనూ కలిపే పిల్లలకు చెప్పాలి.

బడిపంతులు రహీం

ఆ జట్టు కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం. హైదరాబాదువాడు. 1909లో పుట్టాడు. బతుకుతెరువుకు ఉపాధ్యాయుడు. కాచిగూడ, చాదర్‌ఘాట్ వంటి చోట్ల బడుల్లో పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాడు. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. ఆయన చేతికింద తయారైన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్ళు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. కలకత్తా పెద్ద జట్లకు అది మింగుడుపడని సంగతి.

రహీం పనిలో మన ఉపాధ్యాయులు గమనించాల్సింది ఆయన పెట్టిన పోటీలు. బలం లేని కాలితోనే బంతి తన్నాలని ఒక పోటీ. బంతిని కాళ్ళ దగ్గర తిప్పుకోకుండా వెంటనే తోటివాడికి అందించాలని మరొకటి. దీనికి డబ్బు అక్కర్లేదు. పిల్లవాడిలో ఎక్కడ లోపముందో చూసి, దానికి తగ్గ ఆటను కనిపెట్టే బుద్ధి ఉంటే చాలు. మంచి పంతులు పలక మీద చేసే పనే ఆయన మైదానంలో చేశాడు.

1952లో హెల్సింకీలో యుగోస్లావియా మన జట్టును 10–1తో ఓడించింది. అప్పుడు కూడా కోచ్ రహీమే. మన ఆటగాళ్ళు చాలామంది వట్టి కాళ్ళతో ఆడారు. ఆ దెబ్బ తర్వాత బూట్లు తప్పనిసరి అయ్యాయి. ఫార్వర్డ్‌లలో ఒకణ్ణి వెనక్కి దించి ఆడించే హంగేరీ పద్ధతిని రహీం మనవాళ్ళకు నేర్పాడు. నాలుగేళ్ళ తర్వాత 1956 మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి మన జట్టు సెమీఫైనల్ చేరింది, నాలుగో స్థానంలో నిలిచింది. అందులో హైదరాబాదు ఆటగాళ్ళు చాలామంది. ఎవరి పద్ధతి చూసి నేర్చుకున్నారో ఆ హంగేరీకే 1960లో ఎదురు నిలిచారు.

అమ్ముగూడ కుర్రాడు

హంగేరీ మీద గోలు కొట్టిన బలరాం 1936లో సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబంలో పుట్టాడు. ఇరవై ఏళ్ళకే మెల్‌బోర్న్ వెళ్ళాడు. తర్వాత కలకత్తా ఈస్ట్ బెంగాల్ జట్టులో పేరు తెచ్చుకున్నాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో ఫైనల్లో దక్షిణ కొరియాను 2–1తో ఓడించి బంగారు పతకం తెచ్చిన జట్టులోనూ ఉన్నాడు. ఆ పతకం నాటికే రహీం ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో బాధపడుతున్నాడు. 1963 జూన్‌లో కన్నుమూశాడు. అదే ఏడాది అనారోగ్యంతో బలరాం ఆట మానాల్సి వచ్చింది. అప్పటికి ఆయనకు దాదాపు ఇరవై ఏడేళ్ళే. బలరాం 2023 ఫిబ్రవరిలో కోల్‌కతాలో చనిపోయాడు.

10–1 నుంచి నాలుగో స్థానం, అక్కడి నుంచి హంగేరీతో 2–1, అక్కడి నుంచి బంగారం. పదేళ్ళలో ఎక్కిన మెట్లు ఇవి. లాక్విలా ఓటమి ఇందులో ఒక మెట్టు. కానీ రహీం పోయాక ఆ మెట్ల మీద ఇంకో మెట్టు కట్టినవాళ్ళు లేరు. 1960 తర్వాత మన పురుషుల ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌లో అడుగే పెట్టలేదు. ఒక మనిషి భుజాల మీదే నిలిచిన పని ఆ మనిషితోనే పోతుంది. మన వాడల్లో, మన సంఘాల్లో కూడా చూస్తున్నదే ఇది.

జెండా పట్టిన నాగా డాక్టరు

లాక్విలాకు పన్నెండేళ్ళ ముందు ఇలాంటిదే ఇంకో 2–1 ఉంది. అది మనకు మరీ దగ్గరిది. 1948 లండన్ ఒలింపిక్స్. స్వతంత్ర భారతదేశం పాల్గొన్న మొదటి ఒలింపిక్స్ అవే. ఫుట్‌బాల్ జట్టు కెప్టెన్ తాలిమెరెన్ ఆవో. నాగా కొండల్లోని చాంగ్కీ గ్రామానికి చెందిన ఆవో నాగా గిరిజనుడు. కలకత్తాలో వైద్యం చదువుతూ మోహన్ బగాన్‌కు ఆడాడు. ప్రారంభోత్సవంలో దేశ జెండా పట్టుకుని ముందు నడిచింది ఆయనే.

జూలై 31న ఫ్రాన్స్‌తో ఆట. మన పదకొండుమందిలో ఎక్కువమంది వట్టి కాళ్ళతోనే దిగారు. ఫ్రాన్స్ ముందు ఒక గోలు కొట్టింది. రెండో సగంలో సారంగపాణి రామన్ దాన్ని సమం చేశాడు. రెండు పెనాల్టీలు దొరికితే రెండూ వృథా అయ్యాయి. ఆట ముగియబోతుండగా ఫ్రాన్స్ రెండో గోలు కొట్టి బయటపడింది. ఆవో తర్వాత డాక్టరుగా తన కొండలకే తిరిగి వెళ్ళి, నాగాలాండ్ ఆరోగ్య శాఖ డైరెక్టరయ్యాడు.

ఆవో లండన్‌లో జెండా పట్టిన నాటికి నేరస్థ జాతుల చట్టం దేశమంతటా పూర్తిగా పోలేదు. మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది, దేశం మొత్తం మీద 1952 ఆగస్టు 31న. మన జిల్లాల్లో ఎరుకలవాళ్ళ మీద ఆ ముద్ర వేసి, బాపట్ల దగ్గర స్టువర్టుపురం వంటి సెటిల్‌మెంట్లలో పెట్టారు. ఒకవైపు ఒక గిరిజనుడు దేశం జెండా పట్టుకుని నడుస్తున్నాడు. మరోవైపు పోలీసుల ముందు హాజరు వేయించుకుంటూ పెరిగిన తరం ఆ భయంలోంచి ఇంకా తేరుకోలేదు. మన పిల్లలకు రెండో సంగతి మాత్రమే తెలుసు. మొదటిది ఎవరూ చెప్పలేదు. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో హాకీ జట్టు కెప్టెన్ జైపాల్ సింగ్ ముండా అనీ, రాజ్యాంగ సభలో ఆదివాసుల తరఫున మాట్లాడింది ఆయనే అనీ కూడా చాలామందికి తెలియదు.

గెలిచినవాడి కాగితం

ఆటలో ఉన్న ఈ లెక్క పోరాటాల్లోనూ ఉంది. 1922లో మన్యం ఫితూరీ మొదలైనప్పుడు వరసగా మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడులు జరిగాయి. సెప్టెంబరు 24న దామనపల్లి దగ్గర ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. మలబారు పోలీసులు చాలక అస్సాం రైఫిల్స్‌ను కూడా దించాల్సి వచ్చింది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపాక, ఫితూరీ అణిగిందని ప్రభుత్వం రాసుకుంది. నిజమే, గెలిచింది ప్రభుత్వమే. కానీ ప్రపంచంలో దాదాపు నాలుగోవంతును ఏలే సామ్రాజ్యానికి గాము గంటందొర, గాము మల్లుదొర వంటి కొండ మనుషుల్ని అణచడానికి దాదాపు రెండేళ్ళు ఎందుకు పట్టింది? గెలిచినవాడి కాగితంలో ఈ ప్రశ్న ఉండదు. అడగాల్సింది మనమే.

అయితే ఒక హెచ్చరిక. ఓటమిని గెలుపుగా పాడుకోవడం చరిత్ర కాదు. ఓడినా గెలిచినట్టే అని చెప్పి పిల్లల్ని ఓదార్చడం తేలిక. హంగేరీతో 2–1 అంటే ఓటమే, ఫ్రాన్స్‌తో 2–1 కూడా ఓటమే. ఆ తేడా ఎంత అన్నది మాత్రం మనకు కావాలి. ఒక్క గోలు తేడా అంటే, పెద్దవాళ్ళు పుట్టుకతో పెద్దవాళ్ళు కాదని అర్థం. బూట్లు, తిండి, ఒక పంతులు, కొన్నేళ్ళ సాధన ఉంటే పూడ్చగలిగిన దూరం అది. పదేళ్ళలో రహీం పూడ్చి చూపించిందీ అదే.

మనం చెయ్యగలిగింది

సింగరాయకొండ చుట్టుపక్కల యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు కబడ్డీలో, ఖోఖోలో, పరుగులో ముందుంటారు. ఇది ఈ ప్రాంతంలో పనిచేసిన ఏ ఉపాధ్యాయుడికైనా తెలుసు. మండల పోటీల్లో గెలిచి, జిల్లాలో పెద్ద బడుల చేతిలో ఒకటి రెండు పాయింట్ల తేడాతో ఓడి వస్తారు. బస్సు దిగేసరికి ఆ ఆట మర్చిపోతాం. గెలిచిన బడి గోడ మీద షీల్డు ఉంటుంది. మన పిల్లలు ఆడిన ఆట ఎక్కడా ఉండదు.

ఉపాధ్యాయ మిత్రులను అడిగేది ఒక్కటే. ప్రతి బడిలో, ప్రతి హాస్టల్లో ఒక నోటుబుక్కు పెట్టండి. ఏ తేదీన, ఎవరితో, ఎక్కడ ఆడాం, ఎంత తేడాతో ఓడాం, ఎవరు బాగా ఆడారు, ఏం లోపమైంది అన్నది పిల్లల చేతే రాయించండి. బూట్లు లేక ఓడితే బూట్లు లేవని రాయించండి. ఎడమవైపు ఆడేవాడు లేక ఓడితే అదీ రాయించండి. మరుసటి ఏడాది ఆ పుట తెరిచి అక్కడి నుంచి సాధన మొదలుపెట్టండి. మీరు బదిలీ అయి వెళ్ళినా, వచ్చే పంతులు చేతికి ఆ పుస్తకం అందాలి.

యువకులకు ఇంకో పని. మీ పేటలో యాభై, అరవై ఏళ్ళు దాటిన ఆటగాళ్ళు ఎవరో ఉంటారు. తాతో, పెదనాన్నో, మేనమామో, ఒకప్పుడు పరుగెత్తిన అత్తో. వాళ్ళ దగ్గర కూర్చుని అడగండి. ఎవరి మీద ఆడారు, ఎంతకు ఓడారు అని అడిగి, పేర్లతో సహా రాసుకోండి. లాక్విలాలో బలరాం కొట్టిన గోలు ఎవరో ఆ రోజే రాసిపెట్టారు కాబట్టే ఇవాళ నేను మీకు చెప్పగలిగాను.