కౌమార ప్రేమ బంధాలలో వేధింపులు

ప్రేమ బంధంలో ఉన్న 13–19 ఏళ్ళ వయస్కులలో ఒకరు మరొకరిని కొట్టుట, బెదిరించుట, అవమానించుట, లైంగికంగా బలవంతపెట్టుట, ఫోను ద్వారా అదుపులో ఉంచుకొనుట వంటి చర్యలను కౌమార ప్రేమ బంధాలలో వేధింపులు అంటారు. పాశ్చాత్య దేశాలలో దీనిని డేటింగ్ హింస అని వ్యవహరిస్తారు. హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం వంటి చోట్ల పిల్లల నోట వినబడేది "లవ్" అనే మాటే. పేరు వేరైనందున ఇది మన సమస్య కాదని పెద్దలు భావించుట కద్దు.

స్వరూపం

వేధింపు సాధారణంగా దెబ్బతో మొదలు కాదు. ఫోను పాస్‌వర్డు అడుగుట, వాట్సాప్‌లో ఎప్పుడు కనిపించారో చూసి సంజాయిషీ కోరుట, స్నేహితులతో మాట్లాడవద్దని ఆంక్ష పెట్టుట తొలుత ప్రేమగానే తోస్తాయి. విడిపోదామన్నప్పుడు ఫొటోలు ఇంట్లోవారికి పంపుతాననో, చెయ్యి కోసుకుంటాననో బెదిరింపు వస్తుంది.

ఉప్పల్, నాచారం పరిస్థితి

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని ఈ రెండింటిలో ఉప్పల్ వరంగల్ రహదారిపై ఉన్న కూడలి, నాచారం పారిశ్రామిక వాడ. 2017 నవంబరులో నాగోలు–మియాపూర్ మెట్రో ప్రారంభమైనది. ఇంటర్మీడియట్ చదివే పిల్లల పరిచయాలు ఎక్కువగా బస్టాపు, మెట్రో స్టేషను, ఫోను మధ్యనే నడుస్తాయి, ఇంట్లో తెలియదు. ఆ రహస్యమే వేధించేవారి చేతిలో ఆయుధం. సంగతి తెలిస్తే చదువు మాన్పించి పెళ్ళి చేస్తారన్న భయమున్న అమ్మాయి, అబ్బాయి కంటే ఇంటికే ఎక్కువ జంకుతుంది. "మీ నాన్నకు చెప్తా" అన్న ఒక్క మాటకు అంత బలం అందువల్లనే.

మానసిక ప్రభావం

నిద్రలేమి, ఆందోళన, తప్పంతా తనదేనన్న భావన, కుంగుబాటు ముఖ్య లక్షణాలు. 2013లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనంలో, వేధింపునకు గురైన కౌమారులను ఐదేళ్ళ తరువాత పరిశీలించగా బాలికలలో కుంగుబాటు, అతిగా మద్యం తాగుట, పొగతాగుట ఎక్కువగా కనిపించాయి. ఆత్మహత్య ఆలోచనలు బాలురలోనూ ఎక్కువగా ఉన్నాయి. బాలురు బాధితులు కారనుకొనుట పొరపాటు. బంధంలో ఉన్న 15–19 ఏళ్ళ బాలికలలో 24 శాతం మంది భాగస్వామి వలన శారీరక లేదా లైంగిక హింసకు లోనైనారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించినది. ఈ లెక్కలో వివాహితలు కూడా ఉన్నారు.

బడిలో మాత్రం ఇవన్నీ మార్కులు తగ్గుటగానే కనబడతాయి. "శ్రద్ధ లేదు" అని మందలిస్తే పిల్లలు మరింత మౌనం వహిస్తారు.

చట్టం, సహాయం

2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్ళలోపు వారి సమ్మతి చెల్లదు. లైంగిక నేరం తెలిసిన వారెవరైనా పోలీసులకు తెలియజేయవలెను. ఈ నిబంధన రక్షణకై ఏర్పడినదే. కాని టీచరుకు చెబితే కేసవుతుందన్న శంకతో నోరు మెదపని పిల్లలూ ఉంటారు. స్త్రీని వెంటాడుట, ఆమె ఇంటర్నెట్ వాడకంపై నిఘా ఉంచుట 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షను క్రింద నేరం. హైదరాబాదులో 2014 అక్టోబరు 24న మొదలైన షీ టీమ్స్ మరుసటి ఏడు రాష్ట్రమంతటా విస్తరించాయి. బాలల సహాయానికి 1098 నంబరు కలదు.

ప్రభుత్వ మానసిక చికిత్సాలయం నగరానికి ఆవలి కొసన ఎర్రగడ్డలో ఉన్నది. ఆ పేట పేరే ఎగతాళి మాటగా మారినందున అక్కడికి వెళ్ళుటకు కుటుంబాలు వెనుకాడతాయి. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన టెలి మానస్‌కు (14416) ఇంటి నుండే, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును.