సిద్ధవటం రాజుకు కట్టిన వేషం

పెన్న ఒడ్డున ఉన్న సిద్ధవటాన్ని ఒకప్పుడు సమ్మెట గురవరాజు ఏలేవాడు. పన్ను కట్టలేని ఇళ్లలో ఆడవాళ్ల రొమ్ములకు చిరతలు పట్టించి డబ్బు గుంజేవాడని మాచుపల్లె కైఫీయత్తు (ఊరి చరిత్ర) చెబుతుంది. ఆ దారిన పోతున్న కూచిపూడి భాగవతులు ఈ ఘోరం చూశారు. ఊళ్లో నోరెత్తకుండా నేరుగా విజయనగరం వెళ్లి, వీరనరసింహరాయల ముందు ఆట కట్టారు. ఒకడు గురవరాజయ్యాడు. ఇద్దరు అతని భటులయ్యారు. మరొకడు ఆడవేషం వేశాడు. భటులు పన్ను అడిగారు, ఆమె లేదంది, చిరతలు పట్టారు. ఇదేం ఆటని రాయలు ఆరా తీస్తే అసలు సంగతి బయటపడింది. సేన సిద్ధవటం మీదికి కదిలింది, గురవరాజు ప్రాణం పోయింది.

కూచిపూడి వాళ్ల ప్రస్తావన మొదట కనిపించేది ఇక్కడేనని నాట్య చరిత్రకారులు ఈ కైఫీయత్తుకు పెద్దపీట వేస్తారు. 1502 అని సంవత్సరం కూడా చెబుతారు. అక్కడే చిన్న చిక్కుంది. 1502లో విజయనగర పెత్తనం ఇంకా నరసానాయకుడిది. ఆయన 1503లో పోయాకే కొడుకు వీరనరసింహుడి చేతికి అధికారం వచ్చింది, 1505లో సింహాసనం దక్కింది. పైగా ఈస్టిండియా కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర కైఫీయత్తులు రాయించుకున్నది 19వ శతాబ్దం మొదట్లో. అంటే ఈ కథ కాగితానికి ఎక్కేసరికి దాదాపు మూడు వందల ఏళ్లు గడిచాయి. తేదీని గట్టిగా పట్టుకోలేం. కానీ అన్నేళ్ల తర్వాత కూడా కడప సీమ జనం దొర దౌర్జన్యాన్ని తలచుకున్నప్పుడు, దాన్ని అణచింది ఒక వేషమేనని చెప్పుకున్నారు. అర్జీ పట్టుకుపోతే గురవరాజు మనుషులు దారిలోనే ఆపేవాళ్లు. ఆటగాళ్ల మూటలో కిరీటం, చీర ఉంటే ఎవరికి అనుమానం?

ఈ ఉపాయం పగటివేషగాళ్లకు కరతలామలకం. రాత్రి వేదిక మీద కాకుండా పట్టపగలు ఇంటి గుమ్మంలోకే వచ్చి ఆడడం వాళ్ల పద్ధతి. రోజుకో వేషంతో ఊరంతా తిరిగి, చివరి రోజున సంభావన వసూలు చేసుకుంటారు. సోమయాజులు సోమిదేవమ్మ వస్తే మడి ఆచారాల మీద వెటకారం, బైరాగి వస్తే దొంగ సన్యాసం మీద ఎకసెక్కం. దొంగ సన్యాసుల్ని వేమన పద్యాల్లో ఉతికి ఆరేశాడు.

ఇంగ్లీషు దొరలకూ మన ఊళ్లలో వేషం పడింది. పిట్టలదొరకు చినిగిన ఖాకీ దుస్తులు, నెత్తిన టోపీ, భుజాన కట్టె తుపాకి. లేని జాగీర్లు, కట్టని మేడలు, ఎక్కని ఏనుగులు ఏకరువు పెడుతూ, ఊపిరి తీసుకోకుండా కోతలు కోస్తాడు. కట్టె తుపాకితో ఒక్క పిట్టా పడదని చూసేవాళ్లందరికీ తెలుసు.

తోలుబొమ్మలాటలో ఈ పని కేతిగాడిది. రాముడు, రావణుడు తెర మీద నిదానంగా నడుస్తుంటే, మధ్యలో వీడు గెంతుకుంటూ వచ్చి జుట్టుపోలిగాడితో, బంగారక్కతో మోటు సరసాలాడి, సందు దొరికితే ఊరి పెద్దల మీదా రెండు విసుర్లు విసిరి పోతాడు. కోపం వచ్చినా మోతుబరి ఎవరిని కొడతాడు? తిట్టింది తోలుబొమ్మ.

కంపెనీ దొరల సొంత దేశంలో ఇంత చనువు చెల్లలేదు. లండన్ నాటకశాలల్లో ప్రధానమంత్రి వాల్‌పోల్‌ను ఎగతాళి చేస్తున్నారని 1737లో చట్టం తెచ్చి, కొత్త నాటకాలకు ముందే అనుమతి ఉండాలన్నారు. వాళ్లు ఏలిన మన దేశంలోనూ అదే తీరు. కలకత్తాలో ఒక వకీలు, పర్యటనకు వచ్చిన బ్రిటిష్ యువరాజును తన ఇంటి ఆడవాళ్లతో స్వాగతం పలికిస్తే, అక్కడి నాటకాలవాళ్లు దాన్ని ప్రహసనం చేసి ఆడారు. సర్కారుకు ఒళ్లు మండింది. ఫలితం 1876 నాటి నాటక ప్రదర్శనల చట్టం. మూకాభినయం కూడా దాని పరిధిలోకే వచ్చింది. మాటల్లేకుండా వెక్కిరించినా నేరమే! సిద్ధవటం ఆట ఆ రోజుల్లో ఆడి ఉంటే, భాగవతులు రాజుగారి దర్శనానికి బదులు మేజిస్ట్రేటు ముందుకు వెళ్లేవాళ్లేమో.

అదే చట్టంలో ఒక మినహాయింపు ఉండేది. జాతరలకు, మతపరమైన ఉత్సవాల్లో జరిగే అలాంటి ప్రదర్శనలకు అది వర్తించేది కాదు. రాయలసీమకు ఆ మినహాయింపు ఎంత పెద్దదో తిరుపతి గంగమ్మ జాతర చూస్తే తెలుస్తుంది. ఆడవాళ్లను చెరబట్టే పాలెగాడు గంగమ్మకు భయపడి దాక్కున్నాడనీ, ఆమె పూటకో వేషంలో వెతికి, చివరికి దొర వేషంలో పట్టి వాడిని సంహరించిందనీ స్థలకథ. ఇక్కడా ఆడవాళ్లను హింసించిన దొరే, వాడిని పట్టించింది ఇక్కడా వేషమే. 1876 చట్టం 2018లో రద్దయింది. తిరుపతిలో మాత్రం ఏటా మే నెలలో భక్తులు బైరాగి, బండ, తోటి వేషాలు కట్టి, ఎదురైనవాళ్లను బూతులు తిడుతూ గంగమ్మ గుడికి పోతూనే ఉన్నారు. తిట్టడం మొక్కులో భాగమే కాబట్టి ఎవరూ పోలీసు స్టేషన్‌కు వెళ్లరు.