పొద్దు వాలకమునుపే

1805వ సంవత్సరమున జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అను ఇద్దరు మిషనెరీలు విశాఖపట్టణము చేరి తెలుగు నేర్చుకొనిరి. ఆనందరాయరను బ్రాహ్మణ విశ్వాసి తోడ్పడగా సువార్తలను తెనిగింపసాగిరి. 1809లో క్రాన్ మరణించెను. తోడివానిని పోగొట్టుకొనియు డెస్ గ్రాంజెస్ కలము దింపలేదు. 1810లో అతడును ప్రభువునందు నిద్రించెను. 1812లో శ్రీరామపురమున మత్తయి, మార్కు, లూకా సువార్తలు అచ్చుపడెను. ఆ పుటలను అతని కన్నులు చూడలేదు; మన పితరుల కన్నులు చూచినవి.

ప్రియులారా, మరణమును తలంచుట దిగులుపడుటకు కాదు. కోతకాలమున పొద్దు వాలుట చూచిన కూలివాడు కొడవలి పారవేయడు, చేయి త్వరపెట్టును. మనకెంత పొద్దు మిగిలెనో తెలియదు. ఈ సాయంకాలమే మీ బిడ్డలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని ఒక అధ్యాయము చదివి వినిపించుడి.