కారు వేరియంట్లు, ఇంజిన్ సత్తా: శక్తిని ఎంతవరకు పెంచుకోవచ్చు?

రాయ్‌పుర్ నుంచి ఆరంగ్ మీదుగా మహాసముంద్ వైపు సాగే 53వ జాతీయ రహదారిపై లారీల రాకపోకలు ఎక్కువ. చిన్న కారులో నలుగురు కూర్చుని, సామాను నింపుకుని, ఏసీ వేసుకుని వెళ్తున్నప్పుడు లారీని దాటవలసిన క్షణంలోనే ఇంజిన్ సత్తా బయటపడుతుంది. టాప్ మోడల్ కొంటే ఆ ఇబ్బంది ఉండదని కొందరు, బేస్ మోడల్ కొని రీమ్యాప్ చేయిస్తే సరిపోతుందని మరికొందరు భావిస్తుంటారు. ఈ రెండు అభిప్రాయాలనూ పరిశీలించి చూడడం అవసరం.

వేరియంట్ మారితే శక్తి మారుతుందా?

చాలా సందర్భాల్లో మారదు. 2024 మే నెలలో విడుదలైన నాలుగో తరం మారుతీ స్విఫ్ట్‌లో ఎల్ఎక్స్ఐ మొదలుకొని జెడ్ఎక్స్ఐ వరకు పెట్రోల్ వేరియంట్లన్నింటిలోనూ 1,197 సీసీ, మూడు సిలిండర్ల ఇంజినే ఉంది. దాని గరిష్ఠ శక్తి సుమారు 82 పీఎస్, టార్క్ సుమారు 112 న్యూటన్ మీటర్లు. పై వేరియంట్‌కు చెల్లించే అదనపు ధర సౌకర్యాలకే గాని శక్తికి కాదు.

క్రీడా కారును తలపించే పేరు చూసి కూడా పొరబడవచ్చు. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కు నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు అమర్చారు, సస్పెన్షన్‌ను సవరించారు. ఇంజిన్ మాత్రం అప్పటి ఐ20 టర్బోలో ఉన్నదే: 1.0 లీటర్, 120 పీఎస్, 172 న్యూటన్ మీటర్లు. అదే ఐ20లో టర్బో లేని 1.2 లీటర్ ఇంజిన్ ఇచ్చేది 83 పీఎస్ మాత్రమే. సీసీ ఎక్కువైనంత మాత్రాన బలం ఎక్కువ కాదని ఈ పోలిక తెలియజేస్తుంది.

ఒకే సీసీ, మూడు స్థాయిలు

ట్యూనింగ్‌కు ఉన్న అవకాశాన్ని అర్థం చేసుకోవడానికి టాటా ఆల్ట్రోజ్ చక్కని ఉదాహరణ. 2020 జనవరిలో వచ్చిన ఆల్ట్రోజ్‌లో 1,199 సీసీ సాధారణ పెట్రోల్ ఇంజిన్ 86 పీఎస్, 113 న్యూటన్ మీటర్లు ఇచ్చేది. 2021లో వచ్చిన ఐ-టర్బోలో అవి 110, 140కి చేరాయి. 2024 జూన్‌లో విడుదలైన రేసర్‌లో 120, 170 అయ్యాయి. మూడింటిలోనూ సీసీ ఒక్కటే, సిలిండర్లు మూడే.

మొదటి దశ నుంచి రెండో దశకు పెరుగుదల టర్బోచార్జర్ వల్ల వచ్చింది. రెండో దశ నుంచి మూడో దశకు సంస్థే టర్బో ఇంజిన్‌ను మరింత బలంగా ట్యూన్ చేసింది. అయితే సంస్థ అంతటితో ఆగలేదు. ఐ-టర్బోలో ఐదు గేర్లు ఉండగా, రేసర్‌కు ఆరు గేర్ల గేర్‌బాక్స్ ఇచ్చింది.

రీమ్యాప్ పరిమితులు

ఇంధనం ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు, టర్బో ఒత్తిడి ఎంత అనే లెక్కలు ఇంజిన్‌ను నియంత్రించే ఈసీయూ అనే కంప్యూటర్‌లో ఉంటాయి. వాటిని మార్చడమే రీమ్యాప్. టర్బో లేని ఇంజిన్ లోపలికి పీల్చుకునే గాలి పరిమితం కనుక లెక్కలు మార్చినా లాభం స్వల్పం. టర్బో ఇంజిన్‌లో గాలి ఒత్తిడి పెంచవచ్చు కనుక లాభం ఎక్కువ, ప్రమాదమూ ఎక్కువే. అదనపు టార్క్ భారమంతా క్లచ్ మీద, గేర్‌బాక్స్ మీద పడుతుంది.

ఛత్తీస్‌గఢ్ మైదానంలో మే నెల ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. వేడి గాలి పలుచన. అది ఇంజిన్‌లో నాకింగ్‌కు దారితీస్తుంది. దానిని నివారించడానికి ఈసీయూ తనంతట తానే శక్తిని తగ్గిస్తుంది. సంస్థ విడిచిపెట్టే ఆ కాస్త వెసులుబాటు ఇలాంటి ఎండ కోసమే. రీమ్యాప్ ముందుగా హరించేది దానినే.

చట్టం ఏమంటోంది?

తయారీ సంస్థ మొదట నిర్దేశించిన వివరాలకూ, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకూ తేడా వచ్చేలా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీనిని స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేకుండా వాహనాన్ని మార్చిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు రూ.5,000 జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. రీమ్యాప్ వల్ల వారంటీ పోవచ్చు. మార్పును తెలియజేయకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారం నిరాకరించే అవకాశమూ ఉంది.

కొనేముందు

వేరియంట్ పేరును పక్కనపెట్టి, బ్రోషర్‌లో గరిష్ఠ శక్తి, టార్క్, ఆ టార్క్ ఎన్ని ఆర్‌పీఎం వద్ద లభిస్తుందన్న మూడు అంకెలు చూడాలి. లారీని దాటేటప్పుడు అక్కరకు వచ్చేది తక్కువ ఆర్‌పీఎం వద్దే అందే టార్క్. నిండు కారుతో తరచూ హైవేపై తిరిగేవారు సన్‌రూఫ్ ఉన్న టాప్ మోడల్ కన్నా టర్బో ఇంజిన్ ఉన్న మధ్యస్థ వేరియంట్‌ను పరిశీలించడం మేలు. ఆ శక్తికి తగిన క్లచ్, గేర్‌బాక్స్, బ్రేకులు, వాటితో పాటు వారంటీ కూడా కారుతోనే వస్తాయి.